ఖైదీల ఫోటో సరే, ఆ 56 సీట్ల సంగతి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడార్ అనగానే మన పేపర్లలో కనపడేవి రెండే. గుండ్లు గీయించి వరసగా కూర్చోబెట్టిన ఖైదీల ఫోటో, లేదంటే బిట్‌కాయిన్. వాటికి దారి వేసిన ఎన్నిక గురించి మాత్రం ఎవరూ రాయరు. 2021 ఫిబ్రవరి 28న అక్కడ పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. మొత్తం 84 సీట్లయితే అధ్యక్షుడు నయీబ్ బుకేలే పార్టీ 'నుయెవాస్ ఇదెయాస్', అంటే కొత్త ఆలోచనలు, 56 గెలిచింది. లెక్కేసి చూడండి, 84లో మూడింట రెండొంతులు సరిగ్గా 56! పైగా ఆ పార్టీ పార్లమెంటు ఎన్నికల్లో నిలబడటం అదే మొదటిసారి.

అంతకు ఏడాది ముందు, 2020 ఫిబ్రవరి 9న, భద్రతా దళాల సామగ్రి కోసం అడిగిన 10.9 కోట్ల డాలర్ల అప్పుకు సభ ఒప్పుకోవట్లేదని ఇదే బుకేలే తుపాకులు పట్టిన సైనికులతో సభలోకి వచ్చి, స్పీకర్ కుర్చీలో కూర్చుని, చేతుల్లో మొహం దాచుకుని ప్రార్థన చేశాడు. మన దగ్గరైతే ఆ వీడియో నెల రోజులు తిప్పేవాళ్లు. అక్కడి జనం మాత్రం మరుసటి ఏడాది సభనే ఆయన చేతుల్లో పెట్టారు.

వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రావట్లేదు. 1989 నుంచి 2019 దాకా రెండు పార్టీలే ఒకదాని తర్వాత ఒకటి ఏలాయి. ఒక మాజీ అధ్యక్షుడు ప్రజాధనం మళ్లించానని కోర్టులో ఒప్పుకుని జైలుకెళ్లాడు, ఇంకొకాయన నికరాగ్వా పారిపోయాడు. ఆ రెండింట్లో ఒకటైన, ఒకప్పటి గెరిల్లాల పార్టీ ఎఫ్ఎంఎల్ఎన్ 23 సీట్ల నుంచి 4కి పడిపోయిందంటే పడదా మరి!

అక్కడి బ్యాలెట్ కూడా చిత్రమైనది. మనం ఒక్క బటన్ నొక్కి బయటికొచ్చేస్తాం, 2021లో రాజధాని శాన్ సాల్వడార్ ఓటరుకేమో తన జిల్లాలోని 24 సీట్లకీ వేర్వేరు పార్టీల అభ్యర్థుల్ని ఏరుకునే వీలుండేది. అంత స్వేచ్ఛ ఉన్నా ప్రచారమంతా ఒక్క మాటే, పార్టీ గుర్తు 'ఎన్' మీద, అంటే నయీబ్ పేరులోని 'ఎన్' మీద గీటు పెట్టండి అని. ఆయన అసలు అభ్యర్థే కాదు.

కొత్త సభ మే 1న కూర్చుంది. మొదటి రోజే సుప్రీంకోర్టు రాజ్యాంగ విభాగంలోని ఐదుగురు జడ్జీల్నీ, అటార్నీ జనరల్‌నీ తీసేసింది. అటార్నీ జనరల్‌ని ఎన్నుకోవాలన్నా ఆ మూడింట రెండొంతులే కావాలి. కొత్తగా వచ్చిన జడ్జీలు అదే ఏడాది సెప్టెంబరులో, బుకేలే వెంటనే మళ్లీ పోటీ చేయొచ్చని తీర్పిచ్చారు. చేశాడు, 2024లో గెలిచాడు. ఈలోగా సభను 84 నుంచి 60 సీట్లకు కుదించారు, అందులో 54 ఆయన పార్టీవే.

ఆ మే 1 నాటి సమావేశం మీద ఆదివారం ఒక పేజీ ఇవ్వండి. ఖైదీల ఫోటో ఈసారికి వద్దు.

- ఒక పాఠకుడు, తెనాలి