వేట ఆగిన రెండు నెలలూ ఇంజిన్‌ను గాలికొదిలేయకండి

సంపాదకుల వారికి,

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో భృతి ఎప్పుడు పడుతుంది, జాబితాలో ఎవరి పేరు లేదు అనే వార్తలు మీ జిల్లా పేజీలో బాగానే వస్తాయి, రావాలి కూడా. ఒడ్డున ఊరికే ఉన్న ఇంజిన్ల గురించి మాత్రం ఒక్క ముక్క కనిపించదు. నిషేధం ఎత్తేసిన రోజు కళింగపట్నం వైపు వచ్చి చూడండి, స్టార్టర్ తాడు లాగి లాగి భుజాలు పడిపోయినవాళ్లు కనిపిస్తారు. వేటకు పోవాల్సిన మొదటి రోజే మెకానిక్ కోసం తిరగాలి, అతను అడిగినంతా ఇవ్వాలి.

నేను చెప్పేది ఫైబర్ బోటు వెనక తగిలించే పెట్రోలు టూ స్ట్రోక్ ఇంజిన్ సంగతి, డీజిల్‌ది వేరే లెక్క. ఇది మొరాయించేది ఎక్కువగా లోపల మిగిలిపోయిన పెట్రోలు వల్లే. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బొరేటర్ గిన్నెలో రెండు నెలలు ఉండిపోతే ఆవిరైపోయి జిగురు మిగులుతుంది, పెట్రోలు వెళ్లే సన్నటి జెట్ రంధ్రం మూసుకుపోతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్ గాలిలో తేమను లాగేసుకుంటుంది, సముద్రం పక్కన తేమకేం తక్కువ?

అందుకే ఆఖరి వేట నుంచి రాగానే ఇంజిన్‌ను మంచినీళ్ల డ్రమ్ములో నిలబెట్టి కాసేపు ఆడించాలి, ఉప్పు కడిగిపోతుంది. నీళ్లు లేకుండా మాత్రం ఆడించొద్దు, లోపల నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ పాడైపోతుంది. ఆడుతుండగానే పెట్రోలు పైపు పీకేస్తే కార్బొరేటర్‌లో ఉన్నదంతా ఖర్చయ్యాక అదే ఆగుతుంది. తర్వాత నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఇంజిన్‌కు పెట్రోలులో కలిపి వాడే ఆయిలే కాస్త పోసి, తాడు రెండుసార్లు నెమ్మదిగా లాగితే సిలిండర్ తుప్పు పట్టదు.

ఎక్కువమంది అసలు పట్టించుకోనిది కింద ఉండే గేరు ఆయిల్. నీళ్లలో తిరిగే ఫ్యాను వెనక షాఫ్టుకు తెగిన వల దారం చుట్టుకుంటే అది మెల్లగా నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలును కోసేస్తుంది, ఆ సందులోంచి ఉప్పునీళ్లు గేర్లలోకి చేరతాయి, పైకి ఏమీ తెలియదు. కింది స్క్రూ విప్పి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా దిగిందంటే నీళ్లు చేరినట్టే, సీలు మార్చకుండా వేటకు వెళ్లొద్దు.

స్టార్ట్ కాకపోతే కంగారుపడి అన్నీ విప్పేయకండి. ముందు ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి ఉందో లేదో చూడండి, అది బిగించి ఉంటే పెట్రోలు అందదు. తర్వాత ప్లగ్గు విప్పండి. తాడు అన్నిసార్లు లాగాక కూడా పొడిగా ఉందంటే పెట్రోలు రావట్లేదు, కార్బొరేటర్ చూడాలి. తడిసి ముద్దయి ఉంటే పెట్రోలు ఎక్కువైనా అయ్యుండాలి, నిప్పురవ్వ అయినా పడట్లేదు. స్టార్ట్ అయ్యాక పక్కనుంచి సన్నటి నీటి ధార రాకపోతే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు అందట్లేదన్నమాట, వెంటనే ఆపేయాలి. ఇంకో మాట, స్కూటర్లకు పోసే ఆయిల్ దీనికి పనికిరాదు, డబ్బా మీద బోటు ఇంజిన్ల ఆయిల్‌కు వేసే గుర్తు టీసీ-డబ్ల్యూ3 (TC-W3) అని ఉన్నదే కొనాలి.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. కుర్రాళ్లు చాలామంది వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిపోతున్నారు, ఊళ్లో బోట్లు నడిపేది పెద్ద వయసువాళ్లు. నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోతే తెడ్డు వేసుకుని ఒడ్డుకు రావడం వాళ్లవల్ల అయ్యే పనేనా? మత్స్యశాఖ వాళ్లు నిషేధం రోజుల్లోనే ఊరూరా ఇంజిన్ విప్పి చూపించే శిక్షణ పెట్టాలి. ఇంజిన్‌తో ఇచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటే మావాళ్లకు ఏం ఉపయోగం? మీరు ఏప్రిల్ మొదటి వారంలో ఈ జాగ్రత్తలు బొమ్మలతో సహా ఒక పేజీ వేయండి. ఫొటోలు మా ఒడ్డునే తీసుకోవచ్చు, ఇంజిన్ విప్పి చూపించడానికి నేను సిద్ధం.

– ఒక బోటు యజమాని, గార మండలం, శ్రీకాకుళం జిల్లా