హాగ్వర్ట్స్‌లో హౌస్ మాస్టర్లు ఏం చేస్తున్నట్టు?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో సెలవుల్లో చదవాల్సిన పుస్తకాలు అని కొన్ని ఇచ్చారు, అందులో జె.కె. రౌలింగ్ గారి హ్యారీ పాటర్ మొదటి పుస్తకం కూడా వుంది, అందులో వచ్చే మ్యాజిక్ స్కూల్ హాగ్వర్ట్స్ లాంటి దాంట్లో సీటొస్తే ఏ పిల్లలైనా ఎగిరి గంతేస్తారు అని రాశారు. ఆ ఒక్క మాట మీదే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, దయచేసి కత్తిరించకుండా వెయ్యండి.

నేను నవోదయలో చాలా ఏళ్ళు టీచర్‌గా, హౌస్ మాస్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను. మా దగ్గరికి పిల్లలు పది పదకొండేళ్ళ వయసులో ఆరో క్లాసుకి ట్రంకు పెట్టె మోసుకుని వస్తారు, ఏడేళ్ళు వుండి ట్వెల్త్ అయ్యాక వెళ్తారు, ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌసులు. హాగ్వర్ట్స్ కూడా అచ్చం అంతే కదా, పదకొండేళ్ళకి రావాలి, ఏడేళ్ళు వుండాలి, గ్రిఫిండార్, స్లిదరిన్, రేవెన్‌క్లా, హఫుల్‌పఫ్ అని నాలుగు హౌసులు. అందుకే మా మనవరాలు ఈ మధ్య చదువుతుంటే నేనూ మళ్ళీ మొదట్నుంచి చదివాను, చదువుతున్నంతసేపూ ఈ స్కూల్లో పిల్లల బాధ్యత ఎవరిదండీ అనే ప్రశ్న నన్ను వదల్లేదు.

పుస్తకం బాలేదని కాదు. 1997 జూన్‌లో బ్లూమ్స్‌బరీ వాళ్ళు ఇంగ్లండులో వేసినప్పట్నుంచి ప్రపంచం మొత్తం చదువుతోంది, తెలుగులోకీ వచ్చింది, టెక్స్ట్ బుక్ తప్ప ఇంకో పుస్తకం ముట్టని పిల్లలు కూడా దీన్ని వదలకుండా చదవడం నేను కళ్ళారా చూశాను. ఆ లిస్టులోంచి తీసెయ్యమని అస్సలు అనను. నా గొడవంతా ఆ స్కూల్ నడిపే పద్ధతి గురించి, దాన్ని మనం పిల్లలకి ఏ ప్రశ్నా లేకుండా గొప్ప స్కూల్ అని చూపించడం గురించి.

మొదటి చాప్టరే తీసుకోండి. నవంబర్ నెల, ఇంగ్లండు చలి, అర్ధరాత్రి. అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న, ఏడాది దాటిన పసివాడు హ్యారీని దుప్పట్లో చుట్టి ప్రివెట్ డ్రైవ్‌లో 4వ నంబర్ ఇంటి గుమ్మం ముందు పెట్టి, పక్కన ఒక ఉత్తరం పెట్టి వెళ్ళిపోతారు స్కూల్ హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ గారు. తలుపు కొట్టరు. పొద్దున పెద్దమ్మ పాల సీసాలు బయట పెట్టడానికి తలుపు తీసేదాకా పిల్లాడు అక్కడే! ఆ వయసు పిల్లలు లేచి నడిచి రోడ్డు మీదకి వెళ్ళిపోతారండి, పిల్లల్ని పెంచిన ఎవరైనా చెప్తారు. ఆ స్కూల్ టీచర్ మెక్‌గోనగల్ మేడమ్ ఆ రోజంతా పిల్లి రూపంలో గోడ మీద కూర్చుని ఆ ఇంటివాళ్ళ వరస చూసి, వీళ్ళు ఎంతమాత్రం తగినవాళ్ళు కాదని మొత్తుకున్నారు కూడా. ఆ మాట లెక్కలోకి రాలేదు.

తర్వాత దాదాపు పదేళ్ళు ఆ పిల్లాడు మెట్ల కింద సామాన్లు పడేసే గదిలో సాలెపురుగులతో పాటు పడుకున్నాడు. సరే స్కూల్ వాళ్ళకి ఈ సంగతి తెలీదేమో అనుకుందామంటే, వాళ్ళు పంపిన అడ్మిషన్ లెటర్ మీద అడ్రసు ఏముందో చూడండి, మెట్ల కింద గది అనే రాసుంది! పెదనాన్న భయపడి పిల్లాణ్ణి పైగదికి మారిస్తే అడ్రసు కూడా ఇంట్లో అన్నిటికన్నా చిన్న బెడ్రూమ్ అని మారిపోయింది, హోటల్‌కి పారిపోతే 17వ నంబర్ రూమ్ అని వచ్చింది, సముద్రం మధ్య రాతి మీద గుడిసెకి పోతే గుడిసెలో నేల అని వచ్చింది. అంటే ఆ పిల్లాడు ఏ రాత్రి ఎక్కడ నడుం వాలుస్తున్నాడో స్కూల్ ఆఫీసుకి అంగుళాలతో సహా తెలుసు. కోడిగుడ్లలో పెట్టి రెండు డజన్లు, పొగగొట్టంలోంచి ముప్పై నలభై, ఇన్ని ఉత్తరాలు కుమ్మరించే ఓపిక వున్న ఆఫీసు ఒక్క మనిషిని పంపించి బాబుకి మంచం ఎందుకు లేదమ్మా అని అడగలేకపోయిందా? తల్లి రక్తసంబంధం వున్న ఇంట్లో వుంటేనే రక్షణ అని తర్వాతి పుస్తకాల్లో కారణం చెప్తారు, ఒప్పుకుంటా. పిల్లాడికి మంచం వేస్తే ఆ రక్షణ పోతుందని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన స్కూల్ ఉద్యోగి హాగ్రిడ్. మనసు మంచిదే, నాకూ ఇష్టమే. కానీ డంబుల్‌డోర్ గారిని తిట్టింది వెర్నన్ పెదనాన్న, హాగ్రిడ్ మ్యాజిక్‌తో పంది తోక మొలిచింది ఆయన కొడుకు డడ్లీకి. డడ్లీ అల్లరోడే, హ్యారీని కొట్టేవాడే, ఆ నిమిషంలో మాత్రం వాడు నోరెత్తలేదు. తండ్రి మాటకి కొడుక్కి శిక్ష, ఆ తోక తీయించడానికి లండన్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సొచ్చింది. ఇదే హాగ్రిడ్ ట్రైన్ టికెట్ చేతిలో పెట్టి తొమ్మిదీ ముప్పావు ప్లాట్‌ఫామ్‌కి ఎలా వెళ్ళాలో చెప్పకుండా పోతాడు, రాన్ వీజ్లీ అనే తోటి పిల్లాడి అమ్మ ఆ టైముకి అక్కడ లేకపోతే పిల్లాడు గుడ్లగూబ పంజరం పట్టుకుని కింగ్స్ క్రాస్ స్టేషన్లోనే నిలబడి వుండేవాడు.

చీకట్లో సరస్సు మీద చిన్న పడవల్లో కొత్త పిల్లల్ని దాటించడం గురించి నేనేమీ అనను, అది చదవడానికి నిజంగా బాగుంటుంది.

అసలు నేను కుదురుగా కూర్చోలేకపోయింది అక్టోబర్ 31 దగ్గర. హౌస్ మాస్టర్ పనిలో మొట్టమొదటిది అటెండెన్స్ అండి. పొద్దున పీటీకి, క్లాసుకి, మెస్‌కి, రాత్రి పడుకునే ముందు, ప్రతిసారీ తలలు లెక్కపెట్టాలి, ఒక్క తల తగ్గితే మాకు ముద్ద దిగదు. అక్కడేమో రాన్ అన్న మాటకి వాళ్ళ క్లాసు పిల్ల హెర్మియోనీ ఏడుస్తూ వెళ్ళిపోయింది. తర్వాతి క్లాసుకి రాలేదు. మధ్యాహ్నమంతా ఎవరికీ కనపడలేదు. రాత్రి విందుకీ రాలేదు. క్లాసులో చెయ్యి ఎత్తకుండా వుండని పిల్ల సాయంత్రం దాకా లేకపోతే ఒక్క టీచరూ ఏదమ్మా ఆ అమ్మాయి అని అడిగినట్టు పుస్తకంలో ఎక్కడా లేదు! టాయిలెట్లో ఏడుస్తోందని తోటి ఆడపిల్లలకి తెలుసు, టీచర్లకి తెలీదు. ఈలోగా క్విరెల్ అనే టీచర్ పరిగెత్తుకొచ్చి నేలమాళిగలో ట్రోల్ అనే భారీ రాక్షసి వుందని చెప్పి పడిపోతాడు, హెడ్మాస్టర్ వెంటనే అందర్నీ డార్మిటరీలకి తీసుకెళ్ళమని ప్రిఫెక్టులకి, అంటే పెద్ద క్లాసుల లీడర్లకి, ఆర్డరేస్తారు. స్లిదరిన్ వాళ్ళ డార్మిటరీ ఎక్కడుందో రెండో పుస్తకంలో చూడండి, నేలమాళిగలోనే. ట్రోల్ ఎక్కడుందని చెప్పారో అక్కడికే పిల్లల్ని నడిపించమన్నట్టు. విందు జరుగుతున్న హాల్లో టీచర్లందరూ వున్నారు, తలుపులు వేసి అక్కడే కూర్చోబెట్టి లెక్కపెడితే హెర్మియోనీ లేదని రెండు నిమిషాల్లో తెలిసిపోయేది.

మా మనవరాలు తాతయ్యా అది మ్యాజిక్ స్కూల్, అక్కడ ఇలాగే వుంటుంది అంది. మ్యాజిక్ వుంటే లెక్కపెట్టడం ఇంకా తేలిక కదమ్మా అన్నాను, ఆలోచించి అవును అంది.

డ్రాగన్ సంగతి ఇంకా ఘోరం. పెంచకూడదని చట్టం వున్నా హాగ్రిడ్ చెక్క గుడిసెలో డ్రాగన్ గుడ్డు పొదిగిస్తాడు, పిల్ల డ్రాగన్ రాన్ చేతిని కరుస్తుంది, దాన్ని వదిలించుకోవడానికి హ్యారీ, హెర్మియోనీ అర్ధరాత్రి అన్నిటికన్నా ఎత్తైన టవర్ ఎక్కాలి, దిగుతూ దొరికిపోతారు. వాళ్ళని హెచ్చరిద్దామని బయటికొచ్చిన వాళ్ళ హౌసు పిల్లాడు నెవిల్ కూడా దొరుకుతాడు. మనిషికి 50 చొప్పున వాళ్ళ హౌసు గ్రిఫిండార్‌కి 150 పాయింట్లు పోయాయి, సరే, తప్పుకి శిక్ష వుండాలి. పైన ఇంకో శిక్ష ఏంటో చూడండి, రాత్రి పూట బయట తిరిగినందుకు రాత్రి పదకొండింటికి పిల్లలకి నిషేధించిన అడవిలోకి పంపడం! ఆ అడవిలో ఏదో యూనికార్న్‌లని, అంటే ఒంటికొమ్ము గుర్రాల్ని, చంపుతోందని తెలిసీ పంపడం, దాని చేతిలో గాయపడిన ఒకదాన్ని వెతకడానికే పంపడం. వెంట వెళ్ళింది ఎవరు, డ్రాగన్ పెంచిన హాగ్రిడ్డే, అతనికి ఏ శిక్షా లేదు. అతను కూడా పిల్లల్ని రెండు గుంపులు చేసి, పిరికిదని తనే చెప్పిన కుక్కని తోడిచ్చి, అదే రాత్రి దొరికిన స్లిదరిన్ పిల్లాడు మాల్ఫోయ్‌నీ నెవిల్‌నీ వేరే దారిలో పంపాడు. పిల్లల్ని ఈ అడవిలోకి పంపకూడదని మొదట అభ్యంతరం చెప్పింది మాల్ఫోయ్. వాడి పొగరు, వాడి మాటలు నాకేమీ నచ్చవు, కానీ ఆ రాత్రి వాడన్నది నూటికి నూరు పాళ్ళు నిజం.

ఆటల సంగతి పీఈటీ టీచర్లు ఎవరైనా నాకన్నా బాగా చెప్తారు, ఒక్క స్కోరు చూపిస్తాను. చీపుర్ల మీద ఎగురుతూ ఆడే క్విడిచ్‌లో హ్యారీ ఆడిన మొదటి మ్యాచ్‌లో గ్రిఫిండార్ 170, స్లిదరిన్ 60. గోల్‌కి 10, స్నిచ్ అనే చిన్న బంగారు బంతి పట్టుకుంటే 150. స్నిచ్ తీసేస్తే గ్రిఫిండార్ వేసింది రెండే గోల్స్, అవతలివాళ్ళు ఆరు. వర్షంలో ఎండలో ప్రాక్టీస్ చేసి మూడు రెట్లు బాగా ఆడిన టీమ్ ఓడిపోయింది. గెలిపించిన పిల్లాడికి ఆ చీపురు ఎలా వచ్చిందంటే, ఎగరడం నేర్పే హూచ్ మేడమ్ నేను వచ్చేదాకా ఎవరూ గాల్లోకి లేవొద్దు అని చెప్పి చెయ్యి విరిగిన నెవిల్‌ని తీసుకెళ్తే, మాట వినకుండా ఎగిరినందుకు! ఫస్టియర్ వాళ్ళకి సొంత చీపురు వుండకూడదని రూలుంటే మెక్‌గోనగల్ మేడమ్ స్వయంగా నింబస్ రెండువేలు అనే చీపురు తెప్పించి ఇచ్చారు.

స్కూల్లో దాచిన పరుసవేది రాయికి పెట్టిన కాపలా గురించి ఎక్కువ రాయను. అంతమంది టీచర్లు పెట్టిన అడ్డంకుల్ని ఫస్టియర్ పిల్లలు దాటారు, చివర్లో అద్దం ఒక్కటే గట్టిది, రాయిని వాడుకోవాలనుకున్నవాడికి ఆ అద్దం ఇవ్వదు, అంటే ఈ పిల్లలు వెళ్ళకుండా వుంటే రాయిని దొంగిలించడానికి వచ్చిన క్విరెల్ దాని ముందు అలాగే నిలబడి వుండేవాడు.

ఇక చివరి విందు. ఇది మటుకు నేను గట్టిగా చెప్పాలి. ఎక్కువ పాయింట్లు వచ్చిన హౌసుకి కప్పు ఇస్తారు, ఆ ఏడాది ముగిసేసరికి స్లిదరిన్ 472, రేవెన్‌క్లా 426, హఫుల్‌పఫ్ 352, గ్రిఫిండార్ 312. హాలంతా స్లిదరిన్ ఆకుపచ్చ, వెండి రంగులతో అలంకరించారు, పాము బొమ్మతో పెద్ద బ్యానర్ కట్టారు. హెడ్మాస్టర్ నిలబడి మార్కులు చదివారు, స్లిదరిన్ పిల్లలు బల్లలు చరుస్తూ ఆనందపడ్డారు, అప్పుడు ఆయన ఇంకా కొన్ని కలపాలి అన్నారు. రాన్‌కి 50. హెర్మియోనీకి 50. హ్యారీకి 60. లెక్క సరిగ్గా 472 దగ్గర సమానం అయింది. అప్పుడు నెవిల్‌కి 10. హెడ్మాస్టర్ చప్పట్లు కొట్టారు, బ్యానర్లు గ్రిఫిండార్ రంగులకి మారిపోయాయి. విస్తట్లో వడ్డించి లాక్కోవడమండి ఇది, అదీ వందల మంది పిల్లల ముందు.

ఆ ముగ్గురూ ప్రాణాలకి తెగించారు, వాళ్ళకి గౌరవం దక్కాల్సిందే. నెవిల్‌కి దక్కాల్సింది ఆ పదికన్నా ఎక్కువ, ఆ ఏడాదిలో తన స్నేహితులకి ఎదురు నిలబడి ఇది తప్పు అన్న పిల్లాడు అతనొక్కడే. కానీ ఆ గౌరవం మధ్యాహ్నం ఇవ్వొచ్చు కదా, హాల్ అలంకరించకముందు నోటీసు బోర్డులో పెట్టొచ్చు కదా? అసలు ఆ స్కూల్లో స్కూలుకి ప్రత్యేక సేవ అని వేరే అవార్డే వుంది, రెండో పుస్తకంలో ట్రోఫీ రూమ్‌లో యాభై ఏళ్ళ కిందటి షీల్డు కనపడుతుంది, ఆ ఏడాది చివర హ్యారీకి రాన్‌కి అదే ఇస్తారు కూడా. మొదటి ఏడాదే అది ఇచ్చి వుంటే కప్పు జోలికి వెళ్ళే అవసరమే లేదు.

స్లిదరిన్ హౌస్ మాస్టర్ స్నేప్ పక్షపాతంతో గ్రిఫిండార్ వాళ్ళ పాయింట్లు కోసేవాడు కాబట్టి లెక్క సరిపోయింది అని కొందరు అంటారు. స్నేప్ తప్పు చేస్తే స్నేప్‌ని పిలిచి అడగాలి, ఏడాది పొడుగునా ఊరుకుని ఆఖరి రోజు పిల్లల దగ్గర వసూలు చేస్తారా? ఆ ఏడాది ఎవరు ఏ హౌసో చెప్పే మ్యాజిక్ టోపీ పెట్టుకున్న పిల్లల్లో అందరికన్నా చివర పిలిచింది బ్లేజ్ జబీనీ అనే పిల్లాణ్ణి, స్లిదరిన్‌లో పడ్డాడు. ఆ తర్వాత మొదటి పుస్తకం అయిపోయేదాకా వాడి పేరు మళ్ళీ రాదు, ఎవర్నీ ఏడిపించినట్టు లేదు, ఏ తప్పూ చేసినట్టు లేదు. హౌస్ మాస్టర్‌గా నాకు ఆ విందులో కనపడింది వాడే. నా హౌసులో ఒక ఆరో క్లాసు పిల్లాడు మొదటి ఏడాది ఆఖర్లో అలాంటిది చూస్తే తర్వాతి ఏడాది మార్కుల కోసం కష్టపడతాడా, లేక ఈ స్కూల్లో మనం ఏం చేసినా ఇంతే అనుకుని మాల్ఫోయ్ వెనకాల చేరతాడా? నేను చూసినంతలో రెండోదే జరుగుతుంది, హౌసు హౌసంతా మొండికేస్తుంది, మళ్ళీ దారికి తేవడానికి సంవత్సరాలు పడుతుంది.

అందుకని మీకో విన్నపం. వచ్చే ఆదివారం పిల్లల పేజీలో ఆ పుస్తకం పేరు మళ్ళీ వేసి, దాని కింద ఒక ప్రశ్న ఇవ్వండి: ఆ రాత్రి విందులో నువ్వు స్లిదరిన్ బల్ల దగ్గర కూర్చున్న ఫస్టియర్ పిల్లాడివైతే ఇంటికి ఏమని ఉత్తరం రాస్తావు? ఒక్క పేజీ చాలు. మంచివి నాలుగైదు అచ్చు వెయ్యండి, బహుమతి ఏమీ అక్కర్లేదు. చివరి తేదీ ముందే చెప్తే మా వీధి పిల్లల చేత కూడా రాయించి పోస్టు చేస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు, రిటైర్డ్ టీచర్
నంద్యాల