నలభై చుక్కలూ ఆసుపత్రి కప్పు మీదే: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డాక్టర్ని కాదు. ఏదైనా వ్యాధి ప్రబలినప్పుడు కేసుల జాబితా తీసుకుని మ్యాపు మీదికి ఎక్కించడం నా పని. ఒకసారి వాంతులు, విరేచనాల కేసులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో నా చేతికి నలభై పేర్లున్న ఫైలు వచ్చింది. మ్యాపు మీద పెడితే ఒక్క చుక్కే కనపడింది. నేనే ఏదో తప్పు నొక్కాననుకుని దగ్గరికి లాగి చూశాను. నలభై చుక్కలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, సరిగ్గా ఆసుపత్రి కప్పు మీద. వివరాలు ఎక్కించిన కుర్రాడు ఆ సమయంలో తన ఫోను ఏ అక్షాంశ రేఖాంశాలు చూపిస్తే అవే అందరికీ వేసేశాడు. అతన్ని తప్పు పట్టలేను. ఫారంలో "లొకేషన్" అని ఒక గడి ఉంది. ఎవరి లొకేషనో, ఎప్పటి లొకేషనో అందులో లేదు. పక్కన చిరునామా గడిలో పదకొండు మందికి "పాత బడి వెనక" అని రాసి ఉంది. ఆ చుట్టుపక్కల పాత బళ్లు మూడున్నాయి.

ఆ సాయంత్రం సమీక్షలో గోడంత తెర మీద డాష్‌బోర్డు వెలిగింది. నా నలభై చుక్కలూ అందులో పెద్ద ఎర్ర వృత్తమై ఆసుపత్రి చుట్టూ మెరుస్తున్నాయి. రోగాన్ని ఆసుపత్రే పుట్టిస్తున్నట్టు ఉంది. చూసినవాళ్లంతా గంభీరంగా తలలూపారు. ఒక్కరూ ఇదేంటని అడగలేదు. అప్పట్నుంచీ ఈ ఉత్తరం నా మనసులో నలుగుతూనే ఉంది.

అయ్యా, నేను అడిగేది ఇంకో తెర కాదు. ఆ గడిని సరిచేయించండి. అత్యవసర పరిస్థితి వచ్చాక కాదు, ఏమీ లేని ఇలాంటి రోజుల్లోనే.

మ్యాపుల మాట ఎత్తితే అందరూ లండన్ డాక్టరు జాన్ స్నో కథ చెబుతారు. మీకూ ఎవరో స్లైడు చూపించే ఉంటారు. 1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా వచ్చిందనీ, స్నో మ్యాపు గీస్తే మధ్యలో బ్రాడ్ స్ట్రీట్ పంపు దొరికిపోయిందనీ, పిడి పీకించగానే కలరా ఆగిందనీ. చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ జరిగిన వరస అది కాదు. పిడి తీయించింది సెప్టెంబర్ 8న. మ్యాపు బయటికొచ్చింది కొన్ని నెలల తర్వాత. పిడి తీసేనాటికే జనం ఆ వీధులొదిలి పారిపోయారనీ, వ్యాధి అప్పటికే తగ్గుముఖం పట్టిందనీ స్నోయే రాసుకున్నాడు.

పంపును పట్టించింది చిరునామాలు. మరణాలు నమోదు చేసే కార్యాలయం నుంచి 83 మంది జాబితా తీసుకుని ఆయన ఆ వీధుల్లో తిరిగాడు. దాదాపు అందరి ఇళ్లూ ఆ పంపుకి దగ్గరే. పదిమంది ఇళ్లు మాత్రం వేరే పంపుకి దగ్గరగా ఉన్నాయి. మనలాంటివాళ్లమైతే పదిమందే కదా అని పక్కన పెట్టేవాళ్లం. ఆయన ఆ పదిమంది గురించే విడిగా ఆరా తీశాడు. ఐదుగురి ఇళ్లవాళ్లు తాము ఎప్పుడూ బ్రాడ్ స్ట్రీట్ నీళ్లే తెప్పించుకుంటామన్నారు. ఇంకో ముగ్గురు పిల్లలు. వాళ్ల బడి ఆ పంపు దగ్గరుంది. చావులు లేని చోట్లనూ ఆయన వదల్లేదు. అక్కడికి దగ్గర్లోనే 535 మంది ఉండే పేదల వసతి గృహంలో పోయింది ఐదుగురే. వాళ్లకి సొంత బావి ఉంది. పక్కనున్న బీరు కార్ఖానాలో 70 మందికి పైగా పనివాళ్లుంటే ఒక్కరూ పోలేదు. బీరుండగా వాళ్లకి ఆ పంపు నీళ్లతో పనే లేదు, కార్ఖానాకి సొంత బావి కూడా ఉంది.

తర్వాత వేసిన మ్యాపులో స్నో ఒక వంకర గీత గీశాడు. ఆ పంపుకీ చుట్టుపక్కల పంపులకీ నడిచి వెళ్తే ఎక్కడ దూరం సమానమో ఆ చోట్లన్నీ కలుపుతూ. స్కేలు పెట్టి కొలిచిన దూరం కాదు, సందులు తిరిగి బిందె పట్టుకుని నడిచే దూరం. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ప్రణాళికల్లో ఆసుపత్రి చుట్టూ ఐదు కిలోమీటర్ల గుండ్రటి గీత గీసి, లోపలున్నవాళ్లందరికీ వైద్యం అందుతున్నట్టే లెక్క వేస్తాం. మధ్యలో ఏరుంటే ఆ గుండ్రటి గీతకి తెలియదు. నడిచే వెళ్లాల్సి వస్తే ప్రపంచ జనాభాలో సుమారు 43 శాతం మంది గంటలోపు ఏ ఆసుపత్రికీ క్లినిక్‌కీ చేరలేరని 2020లో పరిశోధకులు లెక్క తేల్చారు. దారుల్నీ వాగుల్నీ ఎత్తుపల్లాల్నీ లెక్కలోకి తీసుకుంటేనే ఆ అంకె వచ్చింది.

ఇల్లెక్కడ అన్న ఒక్క ప్రశ్నతో పని జరగదని చెప్పడానికి నా దగ్గర ఇంకో ఉదాహరణ ఉంది. 1979 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్ద్లోవ్స్క్ నగరంలో (ఇప్పటి యెకతెరిన్‌బర్గ్) ఆంథ్రాక్స్ అనే, పశువులకీ మనుషులకీ వచ్చే ప్రాణాంతక వ్యాధి వచ్చి కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం వల్ల అన్నారు పాలకులు. 1992లో అమెరికా శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లేసరికి ఆసుపత్రి రికార్డుల్ని ఎప్పుడో రహస్య పోలీసులు పట్టుకుపోయారు. బృందం వాళ్లు చనిపోయినవాళ్ల కుటుంబాల దగ్గర కూర్చుని, ఆ రోజుల్లో ఎవరు పగటిపూట ఎక్కడ ఉండేవారో ఒక్కొక్కరి గురించీ అడిగి రాసుకున్నారు. ఆ పగటి చోట్లను మ్యాపు మీద పెడితే సన్నటి చార తేలింది. సైనిక కేంద్రం దగ్గర మొదలై నగరం దక్షిణపు అంచుదాకా, సుమారు నాలుగు కిలోమీటర్లు. అదే చారని ఇంకా పొడిగిస్తే 50 కిలోమీటర్ల దాకా ఊళ్లలో గొర్రెలు, ఆవులు చచ్చిన జాడ ఉంది. ఏప్రిల్ 2న గాలి ఎటు వీచిందో చార అటే ఉంది. అంటే ఆ క్రిములు సైనిక కేంద్రం నుంచే గాల్లోకి వెలువడ్డాయి. 1994లో ఆ మ్యాపు అచ్చయింది. మాంసం కథ అంతటితో ముగిసింది.

రాత్రి పడుకునే ఇళ్లు మాత్రమే పెట్టి ఉంటే ఆ చార అంత స్పష్టంగా తేలేది కాదేమో. అందుకే ఫారంలో "లొకేషన్" అనే గడి కొట్టేసి మూడు ప్రశ్నలు వేయించమంటున్నాను. రాత్రి ఎక్కడ పడుకుంటారు, పగలు ఎక్కడ ఉంటారు, జబ్బు మొదలవక ముందు రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్లారు. ముందు రోజులంటే ఎన్ని అన్నది, సోకాక ఆ జబ్బు బయటపడటానికి ఎన్నాళ్లు పడుతుందన్నదాన్ని బట్టి. కలరాకైతే ఐదు రోజులు చాలు, ఎబోలాకి 21 రోజులు అడగాలి. ఫోను చూపించే అంకెలు వేయాలనుకుంటే వేయండి, కానీ ఆ అంకె రోగి ఇంటి గుమ్మం దగ్గర తీసిందా, ఆసుపత్రి బల్ల దగ్గర తీసిందా అన్నది కూడా రాయించండి. ఏమీ రాయకపోతే కంప్యూటరు కొన్నిసార్లు అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అనుకుంటుంది. ఆ చోటు అట్లాంటిక్‌లో గినీ సింధుశాఖ నడిసముద్రం. అక్కడ తేలుతున్న రోగుల్ని నేను చాలామందిని చూశాను.

ఇక ఊళ్ల పేర్లు. 2014 మార్చిలో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశపు అడవి ప్రాంతంలో ఎబోలా బయటపడినప్పుడు అక్కడికి వెళ్లిన బృందాలకి ఎదురైన మొదటి చిక్కు ఇదే. రోగి తన ఊరు పేరు చెబుతాడు. ఆ పేరు మ్యాపులో ఉండదు, లేదా ఒకే పేరుతో నాలుగు ఊళ్లుంటాయి, లేదా ఒకే ఊరిని ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. రోగిని తాకినవాళ్లని వెతకాల్సిన మనిషి ముందు ఊరిని వెతుక్కోవాలి. ఎక్కడెక్కడి వాలంటీర్లో తమ ఇళ్లలో కూర్చుని ఉపగ్రహ చిత్రాల మీద దారులూ ఇళ్లూ గీసి పంపారు. మ్యాపుల్లో లేని చోట్లను ఇలాగే గీసే మిస్సింగ్ మ్యాప్స్ పథకం 2014 నవంబర్‌లో మొదలైంది. కానీ ఉపగ్రహానికి కప్పు కనపడుతుంది గానీ ఊరి పేరు కనపడదు. పేరు అక్కడివాళ్లే చెప్పాలి. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో ఆ విడత 28,600కి పైగా కేసులు, 11,300కి పైగా మరణాలు లెక్క తేలాయి.

ప్రతి ఆవాసానికీ ఒక సంఖ్య, దాని పక్కన జనం వాడే పేర్లన్నీ, అక్కడుండే మనుషుల సంఖ్య. ఈ జాబితా ఒక్కటి తయారుచేసి ఏటా సరిచూస్తూ ఉంటే చాలు. ఉత్తర నైజీరియాలో పోలియో చుక్కల బృందాలు ఏళ్లపాటు చేత్తో గీసిన మ్యాపులతో తిరిగాయి. ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూస్తే ఆ మ్యాపుల్లో లేని పల్లెలు ఎన్నో బయటపడ్డాయి. బృందం చేతిలో జీపీఎస్ ఫోను పెట్టాక ఏ పల్లెకి వెళ్లారో, ఏది వదిలేశారో ఆ సాయంత్రానికే తెలిసేది. 2020 ఆగస్టులో ఆఫ్రికా ప్రాంతం సహజ పోలియో వైరస్ నుంచి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దాని వెనక చాలా పనులున్నాయి, పల్లెల జాబితా సరిచేయడం కూడా వాటిలో ఒకటి.

మనుషుల సంఖ్య ఎందుకంటారా? 200 మంది ఉన్న పల్లెలో రెండు కేసులొస్తే లక్షకి వెయ్యి చొప్పున. రెండు లక్షల జనాభా ఉన్న పట్నంలో 800 కేసులొస్తే లక్షకి 400. మ్యాపులో పల్లె నెత్తురు రంగులో మండుతుంది, పట్నం లేత గులాబీగా ఉంటుంది. పల్లెలోని ఆ ఇద్దరూ ఒకే ఇంటి మొగుడూ పెళ్లాలు కావచ్చు. మీరు మందులు ఎటు పంపుతారు? పైగా హద్దులు కాస్త జరిపితే రంగులన్నీ మారిపోతాయి. రెండు పల్లెల్ని కలిపి ఒక ముక్క చేస్తే మంట ఆరిపోతుంది. అందుకని రంగుల మ్యాపు మీ ముందుకొచ్చిన ప్రతిసారీ దాని కింద కేసుల అసలు సంఖ్య కూడా చూపించమనండి. రిపోర్టు రాని చోటుకీ కేసులు లేని చోటుకీ ఒకే తెల్ల రంగు వేస్తే ఒప్పుకోకండి. నా అనుభవంలో అన్నిటికంటే ప్రమాదకరమైన రంగు ఆ తెలుపే. రిపోర్టు పంపాల్సిన ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త కూడా మంచం పట్టి ఉండొచ్చు.

కేసులు ఒకచోట గుంపుగా చేరాయా అన్నది పట్టడం కంటికి వదిలేసే పని కూడా కాదు. గోడ మీద బాణాలు వేసి, నాలుగు గుచ్చుకున్న చోట చుట్టూ వృత్తం గీసి గురి అదిరిందన్నట్టుంటుంది. దీనికి గణాంక శాస్త్రవేత్త మార్టిన్ కుల్డార్ఫ్ 1997లో రాసిన పద్ధతి ఒకటుంది. కంప్యూటరు మ్యాపు మీద చిన్నా పెద్దా వృత్తాలు వేలకొద్దీ వేసుకుంటూ పోయి, ప్రతిదాంట్లో ఉండాల్సినవెన్ని, ఉన్నవెన్ని అని చూస్తుంది. ఆ తర్వాత అవే కేసుల్ని గుడ్డిగా వెదజల్లి, అంత పెద్ద గుంపు ఊరికే ఎన్నిసార్లు ఏర్పడుతుందో వందలసార్లు పరీక్షిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితం. న్యూయార్క్ ఆరోగ్య శాఖ దీన్ని రోజూ నడుపుతుంది. 2015 వేసవిలో ఆ నగరంలోని దక్షిణ బ్రాంక్స్‌లో లీజనేర్స్ వ్యాధి (ఒక రకం న్యుమోనియా) గుంపు అలా ముందే కంటబడింది. చివరికి 138 మందికి సోకింది, 16 మంది పోయారు. ఆ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటదు కాబట్టి ఎవరు ఎవర్ని కలిశారని అడిగితే ఏమీ దొరకదు. వాళ్లందరినీ కలిపింది ఒక భవనం మీద ఏసీ వేడిని నీళ్లతో తగ్గించే కూలింగ్ టవర్ నుంచి గాల్లోకి లేచిన తుంపర.

ఇంత చెప్పాక మీలో ఎవరికో ఉత్సాహం వచ్చి రోగుల చుక్కలన్నీ వెబ్‌సైటులో పెట్టేస్తారేమోనని నా భయం. దయచేసి వద్దు. అమెరికాలో పరిశోధకులు ఉత్తుత్తి రోగుల చుక్కలతో ఒక మ్యాపు తీసుకుని, ఆ బొమ్మ నుంచి వెనక్కి చిరునామాలు రాబట్టే ప్రయత్నం చేశారు. 2006లో అచ్చయిన ఆ పరిశోధనలో ఎక్కువ చిరునామాలు ఉన్నవి ఉన్నట్టు దొరికిపోయాయి. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశం తర్వాత ఐదు అంకెలుంటే గుమ్మం దాకా వెళ్లొచ్చు. రెండే ఉంచితే సుమారు కిలోమీటరు పరిధి. కార్యకర్త చేతిలోని మ్యాపుకి ఐదు, జనానికి చూపే మ్యాపుకి రెండు మించకూడదని ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. తన ఇంటి మీద చుక్క పడుతుందని తెలిస్తే మనిషి జబ్బు దాచుకుంటాడు, అప్పుడు ఏ మ్యాపూ ఉండదు.

స్నో చెప్పింది విని పిడి తీయించిన పారిష్ (ఆ పేట స్థానిక పాలన) పెద్దలు, కలరా నీళ్లతో వస్తుందన్న ఆయన సిద్ధాంతాన్ని నమ్మలేదు. కలరా చెడు గాలితో వస్తుందనే వాళ్ల నమ్మకం. అయినా తీయించారు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు గానీ నాకు వాళ్లంటే గౌరవం. స్నో చెప్పింది తప్పని రుజువు చేయడానికి బయల్దేరిన హెన్రీ వైట్‌హెడ్ అనే పాదిరీ, వారాల తరబడి ఇల్లిల్లూ తిరిగి, 40వ నంబరు ఇంట్లో అందరికంటే ముందు జబ్బుపడ్డ పసిబిడ్డని కనుక్కున్నాడు. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పోసిన మురుగు గుంతకీ ఆ పంపు బావికీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు. ఏ చుక్కల మ్యాపూ ఈ సంగతి చెప్పదు. ఒక తల్లిని కూర్చోబెట్టి అడిగితేనే తెలిసింది.

కమిటీ వేసే ముందు ఒక చిన్న పని చేయండి. మీ శాఖ బీరువాల్లోంచి కిందటి విడత కేసు పత్రాలు ఏవైనా పది తీయించండి. ఆ ప్రాంతం తెలియని ఒక మనిషికి వాటిని ఇచ్చి, ఎవరికీ ఫోను చేయకుండా, కాగితం మీద రాసి ఉన్నదాన్నే పట్టుకుని ఆ పది ఇళ్లూ వెతకమనండి. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఎన్ని దొరికాయో మీరే స్వయంగా అడగండి.

ఇట్లు,
మ్యాపుల మీద చుక్కలు పెట్టుకునే ఒక ఉద్యోగి