సైన్యం రావాలి, ఊరూ సిద్ధంగా ఉండాలి

అయ్యా,

భూకంప సహాయం సైన్యం పని కాదని కొందరు వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను. 2001లో భుజ్‌లో, 2015లో నేపాల్‌లో మన జవాన్ల సేవ చూశాం. 2023లో తుర్కియే వెళ్లి మన సైనిక వైద్యులు ఆస్పత్రే నడిపారు. రోడ్లు తెగిపోయినప్పుడు హెలికాప్టర్లు, వంతెన సామగ్రి, డాక్టర్లు అన్నీ ఒకేసారి ఇంకెవరి దగ్గరుంటాయి?

కానీ శిథిలాల కింద ఉన్నవాళ్లకు మొదటి గంటలే ప్రాణం. అప్పటికి అక్కడుండేది ఇరుగుపొరుగే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా వీధికి అడ్డంగా కొబ్బరిచెట్లు కూలాయి. కుర్రాళ్లు గొడ్డళ్లతో నరికి దారి చేసి, నిండు గర్భిణిని మడతమంచం మీద మెయిన్ రోడ్డుదాకా మోశారు. అందరి అరచేతులూ బొబ్బలే. చెట్లు కోసే రంపం మెషిన్ ఒక్కటి ఉంటే ఎంత తొందరగా అయ్యేదో!

జవాన్లు వచ్చాక కలెక్టర్ ఆధ్వర్యంలో, ఊరివాళ్లను వెంటబెట్టుకుని పనిచేయాలి. ఏ ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మ ఉందో బయటి నుంచి వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది? ప్రతి గ్రామ సచివాలయంలో రంపం మెషిన్, గునపాలు, జాకీలు, స్ట్రెచర్ ఉంచండి. మాజీ సైనికులతో యువతకు శిక్షణ ఇప్పించండి. మా ఉద్దానంలో అలాంటివారున్నారు, పిలిస్తే వస్తారు.

– ఒక పాఠకుడు, కవిటి, శ్రీకాకుళం జిల్లా