పెట్రోల్‌లో సత్తువ తగ్గినప్పుడు ధర ఎందుకు తగ్గదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

నాది 2017 మోడల్ చిన్న పెట్రోల్ కారు. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ ఉద్యోగానికి వెళ్లొస్తాను, రానూపోనూ 70 కిలోమీటర్లు. కారు కొన్నప్పటి నుంచి ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి, మీటర్ రీడింగ్, పోసిన లీటర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకు అలవాటు. ఏళ్ల తరబడి లీటరుకి 17 దాకా వచ్చిన బండి ఇప్పుడు 16 దాటడం లేదు.

ఈ మాట ఎవరితో అన్నా టైర్లలో గాలి చూసుకో, సర్వీసింగ్ చేయించు, మెల్లగా నడుపు అంటారు. గాలి పదిహేను రోజులకోసారి పొద్దున్నే, టైర్లు వేడెక్కకముందే చూపిస్తాను. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్పించాను. రోడ్డు అదే, కాజ టోల్‌గేటు అదే, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ కూడా అదే. షోరూమ్‌లో చెప్పే మైలేజీ రాదని నాకూ తెలుసు, అది ల్యాబ్‌లో రోలర్ల మీద ఏసీ ఆపేసి కొలిచింది, దానితో నేను పోల్చడం లేదు, నా కారును నా కారుతోనే పోలుస్తున్నాను.

మారింది పెట్రోలే. ఇప్పుడు అందులో 20 శాతం ఇథనాల్, అంటే చెరకు, మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసే స్పిరిట్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి అంతకుముందు పెట్రోల్‌కి తయారైన బండ్లలో మైలేజీ తగ్గక తప్పదు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలోనే పాత కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గుతుందని ఉంది. అదే నివేదికలో, సత్తువ తగ్గిన ఇంధనం మామూలు పెట్రోల్ కంటే తక్కువ ధరకు అమ్మాలని కూడా ఉంది. ఈ 20 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని 2030 నుంచి 2025కి ముందుకు జరిపి మరీ అందుకున్నారు, ధర సంగతి మాత్రం పట్టించుకోలేదు.

నాకు ఇథనాల్ మీద కోపం లేదు. చమురు దిగుమతి తగ్గాలి, చెరకు, మొక్కజొన్న రైతుకి నాలుగు డబ్బులు రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ నెలకి 25 రోజులు తిరిగే నాకు ఆరు లీటర్లకు పైనే ఎక్కువ పడుతోంది, అంటే ఆరు వందలు పైమాటే. జీతం మీద బతికేవాడికి అది ఒక గ్యాస్ బండ ఖర్చులో పెద్ద భాగం. క్యాబ్ నడుపుకునే వాళ్లు రోజుకి నాకు రెండు మూడింతలు తిరుగుతారు, వాళ్ల నష్టం ఎవరు లెక్కగడుతున్నారు?

లీటరు ధర తగ్గించండి, లేదా పాత బండ్ల కోసం 10 శాతం ఇథనాల్ పెట్రోల్‌ని ప్రతి ఊళ్లో ఒక్క బంకులోనైనా ఉంచండి. రాష్ట్రంలోని ఎంపీలు ఈ విషయం పార్లమెంటులో అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, గుంటూరు