హెడ్ ప్యాకింగ్ మారిస్తే చాలదు, హెడ్డు కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరే ముందు పత్రికలన్నీ కార్ల జాగ్రత్తలు వేస్తాయి. టైర్లలో గాలి, ఏసీ గ్యాసు, వైపర్లు అన్నీ వస్తాయి. ఇంజన్ హీటెక్కి హెడ్ ప్యాకింగ్ కొట్టేస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయరు. మే నెలలో తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చే కార్లలో బిల్లు బాగా పెరిగేది ఈ పనికే. పని చేయించుకున్న కొన్ని నెలలకే అదే బండి అదే జబ్బుతో తిరిగొచ్చేదీ ఈ పనిలోనే. ప్యాకింగ్ నాసిరకమని అందరూ అనేస్తారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేయమని కోరుతున్నాం.

పిస్టన్లు ఆడే సిలిండర్ బ్లాకుకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య ఉండే పలచని పొరే హెడ్ గాస్కెట్. షెడ్లలో దాన్నే ప్యాకింగ్ అంటాం. మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. సిలిండర్లో మండే గ్యాసు, ఇంజన్ ఆయిలు, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటు ఒకదాంట్లోకి ఒకటి పోకుండా ఆపడం దాని పని. టర్బో డీజిల్లో ఆ గ్యాసు ఒత్తిడి 150 బార్లు దాటుతుంది; కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. దీనికి తోడు హెడ్డు అల్యూమినియం, చాలా ఇంజన్లలో బ్లాకు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడిలో ఆ తేడాను ప్యాకింగ్ ఓర్చుకుంటుంది. వేడి హద్దు దాటితే, బోల్టులతో బిగిసి ఉన్న హెడ్డుకు సాగే చోటు దొరకదు, వంగిపోతుంది. వంగిన చోట ప్యాకింగ్ మీద పట్టు తగ్గి, గ్యాసు దారి చేసుకుంటుంది. అంటే ముందు చెడేది హెడ్డు, ఆ తర్వాతే ప్యాకింగ్. ఈ వరస తెలియకపోతే మిగతా పనంతా వృథా.

హెడ్డు విప్పే ముందు నిజంగా ప్యాకింగే పోయిందా అన్నది తేల్చుకోవాలి. ఆయిల్ మూత కింద తెల్లగా మజ్జిగ నురగ కనిపించిందని హెడ్డు దించేసే వాళ్లున్నారు. చలికాలంలోనో వానల్లోనో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో చెమ్మ చేరి అలా కడుతుంది. ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ మీద కూడా ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే అనుమానించాలి. కూలెంటులో ఆయిలు తేలుతుంటే, డీజిల్ బండిలో ముందు ఆయిల్ కూలర్ చూడాలి. అది లోపల చిల్లుపడినా ఇదే లక్షణం. కూలెంటు తగ్గుతూ సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తే పొగలో కొంత చల్లార్చి మళ్లీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ కూలర్ కూడా కారణం కావచ్చు. ఈ రెండూ చూడకుండా హెడ్డు దించితే మొత్తం కూలీ దండగ.

నమ్మదగ్గ పరీక్షలు నాలుగున్నాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పై హోస్ పైపు రాయిలా గట్టిపడితే గ్యాసు కూలెంటులోకి పోతోందని అర్థం. నీళ్లు వేడెక్కి ఒత్తిడి పెరగడానికి అంత తక్కువ సమయం చాలదు. రెండోది, రేడియేటర్ మూతి మీద పెట్టే నీలం మందు గొట్టం. గ్యాసు తగిలితే మందు పసుపుకు తిరుగుతుంది. మూడోది కంప్రెషన్ టెస్టు, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తుందో కొలవడం. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టాలి. చిన్న పెట్రోలు ఇంజన్లలో సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 12 నుంచి 14 కిలోలు చూపిస్తుంది, సిలిండర్ల మధ్య తేడా ఒక కిలో మించకూడదు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకేలా పడిపోయి మిగతావి బాగుంటే ఆ రెంటి మధ్య గోడ మీద ప్యాకింగ్ తెగినట్టే. ఒక్కటే తక్కువుంటే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొట్టండి. అంకె పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో ఉంది, హెడ్డు జోలికి పోనక్కర్లేదు. నాలుగోది, చల్లగా ఉన్నప్పుడు చేతిపంపుతో కూలింగ్ సిస్టంలోకి ఒక బార్ గాలి ఎక్కించి పది నిమిషాలు చూడటం. ముల్లు దిగుతూ బయటెక్కడా చుక్క కారకపోతే నీళ్లు లోపలికే పోతున్నాయి.

ఇక అసలు కారణం. మన దగ్గర ముద్దాయి చాలావరకు బోరు నీళ్లే. పల్నాడు సున్నపురాయి నేలల్లోని బోరు నీళ్లు బిందె అడుగున కట్టే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. కూలెంటు మందు లేని నీళ్లు అల్యూమినియాన్ని కూడా తింటాయి. హెడ్డులో నీటి రంధ్రాల అంచులు గుంతలు పడి ప్యాకింగ్ కూర్చునే చోటు తరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటరు సగం, కూలెంటు సగం పోయాలి. అది కూడా మంచి రేడియేటర్ మూతతోనే పనికొస్తుంది. 0.9 బార్ మూత సరిగా పట్టి ఉంచితే వట్టి నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోయిన మూతతో నూటికే మరుగుతాయి. మూత ధర ఎంతో అందరికీ తెలుసు, అయినా ప్యాకింగ్ మార్చిన రోజు మూత మార్చే వాళ్లు తక్కువ.

ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు థర్మోస్టాట్. దాన్ని పీకేసి, ఇక హీటు రాదు పొండి అనే పద్ధతి ఇంకా నడుస్తోంది. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వే తెరుచుకునేటప్పుడు రేడియేటర్‌ను తప్పించే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే కొంత నీరు రేడియేటర్లోకి వెళ్లకుండా ఇంజన్లోనే గిరగిరా తిరుగుతుంది. ఎండలో హీటెక్కుతుంది, తెల్లవారి చలిలో ఎంతసేపటికీ వేడెక్కక పెట్రోలు తాగుతుంది. థర్మోస్టాట్‌ను వేడినీళ్ల గిన్నెలో థర్మామీటరుతో కలిపి వేలాడదీస్తే, దాని మీద ముద్రించిన 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో లేదో అయిదు నిమిషాల్లో తేలుతుంది. రేడియేటర్ కారుతోందని పసుపు పోసే అలవాటు, కారుడు ఆపే డబ్బా మందులు కూడా ఇలాంటివే. చిల్లుతో పాటు హీటరు కోర్ సన్నగొట్టాలనూ మూసేస్తాయి.

తిరుమల ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తెరిచి, వెంటనే పక్కకు ఆపాలి. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని లాగితే హెడ్డు వంగేది ఆ రెండు కిలోమీటర్లలోనే. కనీసం ముప్పావుగంట మూత ముట్టుకోవద్దు. ఎర్రగా కాగిన ఇంజన్లో చల్లటి నీళ్లు పోస్తే వాల్వ్ సీట్ల మధ్య హెడ్డు పగులుతుంది.

విప్పే పనిలో పెద్ద విద్య లేదు కానీ తొందర పనికిరాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీసి, కూలెంటు రేడియేటర్ నుంచే కాక బ్లాకు డ్రెయిన్ ప్లగ్గు నుంచి కూడా దించాలి. లేకపోతే హెడ్డు ఎత్తగానే మిగిలిన నీరు సిలిండర్లలోకి, అడుగున ఆయిలు నిలిచే సంపులోకి జారుతుంది. వాల్వులూ పిస్టన్లూ లయ తప్పకుండా చూసే టైమింగ్ గుర్తులు కలిపి ఫొటో తీసుకోవాలి. 1.3 మల్టీజెట్ డీజిల్ లాంటి టైమింగ్ చైను ఇంజన్లలో టైమింగ్ లాక్ పిన్నులు లేకుండా చేయి పెట్టకూడదు. హెడ్ బోల్టులు బయటి మూలల నుంచి లోపలికి, ఒక్కో బోల్టు కొద్దికొద్దిగా రెండు మూడు విడతల్లో వదలాలి. ఒకేసారి ఒక వైపు వదిలేస్తే బాగున్న హెడ్డు కూడా వంగుతుంది. అంటుకున్న హెడ్డును స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే ప్యాకింగ్ కూర్చునే ముఖం మీదే గాటు పడుతుంది. దించాక నేల మీద బోర్లా పెట్టకూడదు, తెరిచి ఉన్న వాల్వులు వంగుతాయి. రెండు చెక్కదిమ్మల మీద పెట్టాలి.

ఇక్కడి నుంచి కొలతలు. సాపు చేసిన ఉక్కు బద్ద హెడ్డు మీద పొడవునా రెండు అంచులు, అడ్డంగా రెండు కొసలు, మూల నుంచి మూలకు రెండు ఐమూలలు, ఇలా ఆరు చోట్ల ఆనించి కిందికి ఫీలర్ గేజి (మందం కొలిచే పలచని బ్లేడు) దూర్చాలి. మారుతి చిన్న పెట్రోలు ఇంజన్లకు హద్దు 0.05 మిల్లీమీటరు. ఆ బ్లేడు ఎక్కడైనా దూరిందంటే ఫేసింగుకు, అంటే ముఖం సాపుగా చెక్కించడానికి లేత్ షాపుకు పంపాలి. బ్లాకు ముఖాన్నీ అలాగే కొలవాలి, దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఫేసింగు చేయించడంతో కథ అయిపోదు. హెడ్డు అరటిపండులా వంగితే అడుగు ముఖంతో పాటు పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ తిరిగే బేరింగ్ వరస కూడా వంగుతుంది. అడుగు చెక్కినంత మాత్రాన పైవరస సాపు కాదు. క్యాపులు బిగించి ఉత్త క్యామ్ షాఫ్ట్‌ను వేళ్లతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. పట్టేస్తే ఆ హెడ్డును వేడిచేసి సాపు చేయగల షాపుకు ఇవ్వాలి, లేదా మార్చాలి. ఎంత చెక్కారో లేత్ షాపు అంకెతో రాసివ్వాలి. ఎక్కువ చెక్కితే కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. కొన్ని డీజిల్ హెడ్డులను అసలు చెక్కకూడదని కంపెనీయే చెబుతుంది. చెక్కే ముందే వేడినీళ్ల తొట్టిలో గాలి పెట్టి ప్రెజర్ టెస్టు చేయించాలి, పగుళ్లు వేడిలోనే తెరుచుకుంటాయి. బాగా కాగిన అల్యూమినియం మెత్తబడుతుంది కూడా. బోల్టు వాషరు కూర్చునే చోట గుంత కనబడితే ఆ హెడ్డు ఇక బిగింపు నిలబెట్టుకోదు.

పాత ప్యాకింగ్ గీకేటప్పుడు గ్రైండరుకు ఎమరీ బిళ్ల పెట్టి తిప్పడం చాలా షెడ్లలో మామూలే. ఆ రజను ఆయిల్ దారుల్లోకి పోయి మెయిన్ బేరింగులను తినేస్తుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ పట్టేస్తే ఎవరూ దీన్ని తలుచుకోరు. పైగా ఆ బిళ్ల చేసే చిన్న చిన్న పల్లాలు స్టీలు పొరల ప్యాకింగ్‌కు బొత్తిగా పనికిరావు, దానికి అద్దం లాంటి ముఖం కావాలి. ప్లాస్టిక్ గీకుడు, ప్యాకింగ్ మెత్తబరిచే మందు, ఓపిక చాలు.

బోల్టు రంధ్రాల్లో నీళ్లో ఆయిలో మిగిలితే బోల్టు దిగేటప్పుడు అవి నలగవు. రెంచి టార్క్ (బిగించే బలం) వచ్చిందని చెబుతుంది, హెడ్డు మీద బిగువు ఉండదు. ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. ప్రతి రంధ్రంలోనూ గాలి కొట్టాలి. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి సాగే రకం బోల్టులు ఉంటాయి. వాటిని టార్క్ ఇచ్చాక మళ్లీ డిగ్రీల లెక్కన తిప్పుతారు. అవి ఒకసారి సాగాక కొత్తవే వేయాలి, పాతవి బాగున్నాయి కదా అనకూడదు. మరలకూ వాషరు కిందా చుక్క ఆయిలు రాయాలి. రెంచి మీద మనం పెట్టే బలంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతుంది, బోల్టును లాగేది మిగతాదే. పొడి బోల్టుకు ఆ లెక్క పూర్తిగా తప్పుతుంది. బిగింపు మధ్య నుంచి మొదలుపెట్టి చుట్టూ బయటికి, కంపెనీ చెప్పిన విడతల్లో జరగాలి. చేతి అంచనాతో బిగించే మేస్త్రీల మీద మాకు గౌరవమే, కానీ ఈ బోల్టులకు టార్క్ రెంచి, డిగ్రీ గేజి లేకుండా కుదరదు.

ప్యాకింగ్ మీద పైకి ఉండాలని ముద్ర ఉంటుంది. తిప్పి వేస్తే క్యామ్‌కు వెళ్లే ఆయిల్ దారి మూసుకుపోవచ్చు. డీజిల్లో పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో డయల్ గేజితో కొలిచి దానికి తగ్గ మందం ప్యాకింగ్ తెప్పించాలి. అంచున ఉండే గాట్లు లేదా రంధ్రాల సంఖ్యే మందం గుర్తు. షెల్లాక్, సిలికాన్ పేస్టు పూస్తే గట్టిగా పడుతుందని అనుకోవద్దు. ముందు కవరు అతుకు దగ్గర కంపెనీ చెప్పిన చోట చిటికెడు తప్ప, స్టీలు ప్యాకింగ్‌కు ఏ పూతా అక్కర్లేదు.

టైమింగ్ బెల్టు ఎక్కించాక సెల్ఫ్ కొట్టే ముందు పానాతో క్రాంకును చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగి చూడాలి, వాల్వు పిస్టన్‌కు తగులుతున్నట్టే. ఆయిల్లో నీళ్లు కలిసిన బండికి కొత్త ఆయిలు, ఫిల్టరు వేసి అయిదు వందల కిలోమీటర్లకు మళ్లీ మార్చాలి. కూలెంటు నెమ్మదిగా పోస్తూ, హీటరు తెరిచి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపాలి. లోపల గాలి బుడగ మిగిలితే కొత్త పని మొదటి రోజే మళ్లీ హీటెక్కుతుంది.

కారు యజమానులు అడగాల్సింది ఇది: ఫీలర్ గేజి కొలత, చెక్కిన మందం, బోల్టులు కొత్తవా పాతవా, అసలు ఎందుకు హీటెక్కిందో బిల్లు వెనక రాసివ్వమనండి. విప్పిన పాత ప్యాకింగ్ కూడా మీ చేతికే ఇవ్వమనండి. సిలిండర్ చుట్టూ ఉండే ఉక్కు రింగు ఎక్కడ నల్లగా మాడిందో దాని మీద కనిపిస్తుంది. మాడింది రెండు సిలిండర్ల మధ్యనా, నీటి రంధ్రం వైపా చూసి, కంప్రెషన్ టెస్టు అంకెలు దాంతో కలుస్తున్నాయో లేదో మేస్త్రీ పక్కనుండగానే సరిపోల్చుకోండి.

ఇట్లు
కొందరు కారు మెకానిక్కులు,
ఆటోనగర్, విజయవాడ