సెల్ఫీ పాయింటు కాదండీ, యుద్ధ స్మారకం

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వేసిన ‘విశాఖలో సెల్ఫీ దిగాల్సిన చోట్లు’ చూశాను. ఆర్కే బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’కి నాలుగో స్థానం. ఒక పునుగుల బండి దానికన్నా పైన ఉంది! సాయంత్రం వెలుతురులో ఫొటోలు బాగా వస్తాయన్నారు తప్ప, దాన్ని ఎందుకు కట్టారో ఒక్క ముక్క రాయలేదు.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో, ఊరంతా దీపాలార్పుకుని ఉండగా, హార్బరు బయట పెద్ద పేలుడు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, తొంభై మందికి పైగా నావికులతో సహా అక్కడే మునిగిపోయింది. విక్రాంత్ మాత్రం అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఇక్కడే ఉందని శత్రువును నమ్మించారు మనవాళ్లు. మన యుద్ధనౌక రాజ్‌పుత్ నీళ్లలోకి వేసిన డెప్త్ చార్జీలనే బాంబులే ముంచాయని మనం, కాదు ప్రమాదమని వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నాం. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం అండీ అది.

ఇంతకీ ఆ విక్రాంత్ ఏమైంది? ముంబయిలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉంచి, నిర్వహణ మావల్ల కాదని 2014లో తుక్కుకు అమ్మేశారు. ఆ ఇనుముతో మోటారు సైకిళ్లు చేసి దేశభక్తి పేరు చెప్పి అమ్మితే మనమే కొనుక్కున్నాం. మరో విమానవాహక నౌక విరాట్‌ను విశాఖకు తెస్తామని ఎంత హడావిడి చేశారు! 2020లో అది అలంగ్ తుక్కు యార్డుకు పోయింది. మనకు దక్కింది కురుసుర జలాంతర్గామి ఒక్కటే. దాన్ని మ్యూజియంగా 2002 నుంచి బాగానే చూసుకుంటున్నారు, కాదనను.

డిసెంబరు 4న నౌకాదళం వాళ్లు శ్రద్ధగా పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. మన నాయకులేమో నేవీ డే ఘాజీ కోసమే అనుకుని ఉపన్యాసాలు దంచుతారు. అది కరాచీ మీద మన క్షిపణి పడవలు చేసిన దాడికి గుర్తని పక్కనున్న అధికారి ఒక్కరైనా చెవిలో చెప్పరు. కూడలికో నాయకుడి విగ్రహం, స్తంభానికో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టించడానికి మాత్రం అందరికీ తీరిక ఉంటుంది.

ఆ రాత్రి పేలుడు విన్నవాళ్లు జాలరిపేటలో, వన్‌టౌన్‌లో ఇంకా ఉన్నారు. మీ విలేకరిని పంపి వాళ్ల మాటలు రాయించండి. డెబ్భై దాటినవాళ్లు, కాస్త తొందరగా పంపండి.

ఒక పాఠకుడు,
మహారాణిపేట, విశాఖపట్నం